దీపం ఉండగానే

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని తెలుగువారి సామెత. పూర్వం దీపమంటే ఆముదపు ప్రమిద. చమురు తరిగిపోతున్నదన్న ఎరుక ఇంటివారికి ప్రతి రాత్రీ ఉండేది. నేడు మీట నొక్కగానే వెలుగు వస్తున్నది. ఆ వెలుగు కోసం తరిగిపోయే ఇంధనం మాత్రం మన కంటికి కనిపించదు. సింగరేణి గనులలో కార్మికులు చెమటోడ్చి తీసిన బొగ్గు రామగుండం, కొత్తగూడెం విద్యుత్కేంద్రాలలో దగ్ధమై మన ఇంటికి విద్యుత్తుగా చేరుతున్నది. దారిలో తీగల వెంట కొంత విద్యుత్తు నష్టమవుతుంది. కనుక ఇంట్లో ఒక యూనిట్ ఆదా చేస్తే, ఉత్పత్తి కేంద్రంలో అంతకు మించిన ఆదా జరిగినట్లే.

పొదుపు అనగానే అందరికీ స్ఫురించేది మీట ఆపివేయటం. అది మంచి అలవాటే. అయితే అంతకు ముందే ఆలోచించవలసినది ఇంటిని గురించి. మన పూర్వులు మందమైన మట్టిగోడలు, పెంకుల కప్పు, నాలుగు వైపులా వసారా, నడుమ గాలి వెలుతురులకు తావిచ్చే మండువా ఏర్పరచుకొన్నారు. ఎండ గోడను తాకకుండా చూరు అడ్డుకొనేది. కాలక్రమంలో పెంకుటిళ్లు పోయి డాబాలు వచ్చాయి. డాబా దృఢమైనదే. కాని పగలంతా ఎండను పీల్చుకొన్న కాంక్రీటు కప్పు రాత్రి ఆ వేడిని గదిలోకి విడుస్తుంది. అటువంటి గదిని యంత్రంతో చల్లబరచబూనటం చిల్లికుండలో నీరు పోయటం వంటిది. ముందు చిల్లిని పూడ్చాలి.

వేసవి మధ్యాహ్నం సూర్యుడు మన ప్రాంతంలో ఇంచుమించు నడినెత్తిన ఉంటాడు. కాబట్టి ఇంటికి చేరే వేడిలో అధికభాగం కప్పు మీదనే పడుతుంది. డాబాపై తెల్లని సున్నం గాని, ఎండను తిప్పికొట్టే తెల్లరంగు గాని పూస్తే కప్పు వేడెక్కటం బాగా తగ్గుతుంది. ఆ తరువాత గమనించవలసినది పడమటి గోడ. ఆ వైపున వేపచెట్టునో, కానుగచెట్టునో పెంచాలి. స్థలం లేనివారు కిటికీకి వెలుపల వెదురు తడిక వేలాడదీయవచ్చు. తెర లోపల కట్టినదానికంటె వెలుపల కట్టినదే మేలు. ఎండ గాజును దాటి లోనికి రాకముందే ఆగిపోతుంది.

ఇల్లు చల్లబడిన పిమ్మట ఉపకరణాలను ఎంచుకోవాలి. 60 వాట్ల పాత బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు ఖర్చవుతాయి. దాదాపు అంతే వెలుగునిచ్చే 9 వాట్ల ఎల్.ఈ.డి. బల్బుకు ఒకటిన్నర యూనిట్ కూడా పట్టదు. పాత బల్బు తాను తీసుకొన్న విద్యుత్తులో పదోవంతును కూడా వెలుగుగా మార్చలేదు, మిగిలినదంతా వేడే. 75 వాట్ల ఫ్యాను రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు. 30 వాట్ల కొత్తరకం ఫ్యానుకు 11 యూనిట్లు చాలు. వాడకం పెరిగి పై శ్లాబులోకి వెళ్లిన కొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది గనుక, ఈ ఆదా ముందుగా ఖరీదైన యూనిట్లనే తగ్గిస్తుంది.

భారత ప్రభుత్వం 2001లో ఇంధన పొదుపు చట్టం చేసింది. 2006 నుండి ఉపకరణాలపై నక్షత్రాల గుర్తులు వచ్చాయి. ఒకే రకమైన, ఒకే పరిమాణం గల పరికరాలలో ఎక్కువ నక్షత్రాలు ఉన్నది తక్కువ విద్యుత్తుతో పని చేస్తుంది. కొనేటప్పటి ధరనే గాక, ఏళ్ల తరబడి కట్టవలసిన బిల్లును కూడా లెక్కించినవాడే వివేకి.

ఇది ధనికులకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. 2015 మే నెలలో వీచిన వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాలలో వెయ్యిమందికి పైగా అసువులు బాశారు. ఎండలో పనిచేసి వచ్చిన కూలికి రాత్రి రేకుల ఇల్లు కూడా కొలిమి అయితే విశ్రాంతి ఎక్కడిది? అతనికి ఏ.సి. కొనే స్తోమత లేదు. కప్పుపై తెల్లని పూత మాత్రం అందుబాటులో ఉన్నదే. ఈ సత్యాన్ని గుర్తించి తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించింది.

ఇంటి అవసరాన్ని తగ్గించుకొన్న తరువాత సౌరఫలకాలు అమర్చుకొంటే, కొద్దిపాటి ఫలకాలే సరిపోతాయి. ముందు నీడ, పిమ్మట మంచి ఉపకరణం, ఆ పైన సౌరశక్తి: ఇదీ క్రమం. డిసెంబరు 14 జాతీయ ఇంధన పొదుపు దినం. ఆనాటి ఉపన్యాసాలతో సరిపెట్టక, విద్యార్థులు తమ ఇంటి విద్యుత్ బిల్లును చదవటం నేర్చుకోవాలి. బొగ్గు అనే చమురు ఇంకా ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవటం మన తరం కర్తవ్యం.

అభ్యాసం

1. ఇంటిని చల్లబరచటంలో కప్పుకు గల ప్రాధాన్యాన్ని వివరించండి.
2. ‘చిల్లికుండలో నీరు పోయటం’ అనే పోలికను రచయిత ఏ సందర్భంలో ప్రయోగించారు?
3. మీ ఇంటిలోని ఫ్యాన్లు, దీపాలు నెలకు ఎన్ని యూనిట్లు వాడుతున్నాయో లెక్కకట్టి పట్టిక రాయండి.