ఆక్యుపేషనల్ థెరపీ: పనియే చికిత్స
సూరత్ మరమగ్గములపై జీవించు తెలుగు పద్మశాలీలలో నొకనికి పక్షవాతము సోకి కుడిచేయి చచ్చుపడినచో, ప్రాణము నిలిపినంతమాత్రమున వైద్యము ముగియదు. తెగిన పడుగుపోగును రెండు వ్రేళ్ల నడుమ పట్టి ముడివేయుట, అన్నపుముద్ద నోటికెత్తుట, చొక్కా గుండీ పెట్టుకొనుట అను పనులను అంచెలంచెలుగా విడదీసి, ఆ పనులచేతనే చేతికి మరల నేర్పు గరపునది ఆక్యుపేషనల్ థెరపీ.

దాని ఫలమును అంకెలలో చూపవచ్చును: 1965 నాటి బార్తెల్ సూచిక భోజనము, స్నానము మున్నగు 10 దైనందిన కృత్యములను 0 నుండి 100 వరకు కొలుచును, కెనడియన్ ఆక్యుపేషనల్ పెర్ఫార్మెన్స్ మెజర్ నందు రోగియే తనకు ముఖ్యమైన పనుల నెంచి, వాని నిర్వహణకును తన సంతృప్తికిని 1 నుండి 10 వరకు మార్కులు వేయును. రోగి మాటకు పెద్దపీట వేసిన ఈ పద్ధతియే మిక్కిలి న్యాయమైనది.

1950లో కమలా నింబ్కర్ బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఈ చికిత్సకు దేశమున తొలి శిక్షణాలయమును నెలకొల్పిరి. 1952లో ఏర్పడిన ఆక్యుపేషనల్ థెరపిస్టుల ప్రపంచ సమాఖ్యకు భారతదేశము వ్యవస్థాపక సభ్యదేశము.