పాత సైనిక బ్యాడ్జి దొరికితే? తరచూ అడిగే ప్రశ్నలు

తాతగారి ట్రంకుపెట్టెలోనో, పాత సామాన్ల కొట్లోనో, పొలం దున్నుతుంటేనో ఇత్తడి బ్యాడ్జి ఒకటి బయటపడుతుంది. ఒకప్పుడు ఎవరో సిపాయి టోపీకో, భుజానికో పెట్టుకున్నది అది. దాని చరిత్ర మన చేతుల్లో చెరిగిపోకూడదు. అందుకు తెలుసుకోవలసినవి ఇవి.

ప్ర: ఏ కాలానిదో ఎలా తెలుస్తుంది?
జ: ముందు కిరీటం ఉందేమో చూడండి. 1950 జనవరి 26న దేశం గణతంత్రమయ్యాక మన సైనిక చిహ్నాల్లో బ్రిటిష్ కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి. మేజర్ భుజం మీది కిరీటం కూడా అలాగే మారింది. కిరీటం కింద అల్లిన ఇంగ్లిష్ అక్షరాలుంటే ఇంకా దగ్గరగా తేల్చవచ్చు. ‘ఈ ఆర్ ఐ’ అంటే ఏడవ ఎడ్వర్డ్ కాలం, 1901 నుంచి 1910 వరకు. ‘జీ ఆర్ ఐ’ అంటే ఆ తర్వాతి జార్జి రాజులది.

ప్ర: పటాలం పేరును బట్టి చెప్పగలమా?
జ: చాలాసార్లు చెప్పగలం. ‘94వ రసెల్స్ ఇన్‌ఫాంట్రీ’ అన్న పేరు 1903 నాటి సంస్కరణల్లో వచ్చింది. 1922లో ఆ పటాలం 19వ హైదరాబాద్ రెజిమెంటులో కలిసింది. 1945లో ఆ రెజిమెంటే కుమావూ రెజిమెంటు అయింది. కాబట్టి 19 అంకె, హైదరాబాద్ పేరు కలిసి ఉన్న బ్యాడ్జి 1922-45 మధ్యదని లెక్క. ఇది బ్రిటిష్ ఇండియా సైన్యంలోని రెజిమెంటు. నిజాం సొంత సైన్యం వేరు, ఈ రెండింటినీ కలపకండి.

ప్ర: నకిలీ కాదని నమ్మకమేమిటి?
జ: ముందువైపు కంటే వెనకవైపు ఎక్కువ చెబుతుంది. కొక్కేలు అతికిన చోట కొత్త టంకం మెరుస్తోందా? ఏళ్లతరబడి తుడిచిన బ్యాడ్జికి ఎత్తైన గీతలు అరిగి నున్నబడతాయి, పల్లాల్లో నలుపు మిగులుతుంది. అంతటా ఒకే రంగులో ఉంటే అనుమానించాల్సిందే. చింతపండు పెట్టి తోమితే ఈ ఆనవాళ్లన్నీ పోతాయి. మెత్తని పొడిగుడ్డతో దుమ్ము దులిపితే చాలు.

ప్ర: మట్టిలో దొరికితే నాదేనా?
జ: వెంటనే మీదైపోదు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దాగి ఉండి, పది రూపాయలకు మించిన విలువ చేసే వస్తువు దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాచిపెడితే ఏడాది వరకు జైలు, జరిమానా ఉండవచ్చు. గోల్కొండ వంటి రక్షిత కట్టడాల ప్రాంగణంలో అనుమతి లేకుండా తవ్వడం నేరం. ఎక్కడైనా సరే, దొరికిన చోటు, లోతు, పక్కనున్న వస్తువులు ఫొటో తీసి రాసిపెట్టుకోండి. తూటాలో గుండ్లో కనిపిస్తే ముట్టుకోకుండా పోలీసులకు చెప్పండి.

ప్ర: అమ్మవచ్చా? అమెరికాలో ఉన్న మా అబ్బాయికి పంపవచ్చా?
జ: వయసు చూసుకోండి. చారిత్రక విలువ ఉండి నూరేళ్లు నిండిన వస్తువు 1972 నాటి పురావస్తు చట్టం కింద పురావస్తువు కావచ్చు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్యాడ్జీలకు ఆ వయసు వచ్చేసింది. పురావస్తువులతో వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి. వాటిని దేశం దాటించే అధికారం ప్రైవేటు వ్యక్తులకు లేదు, దాటిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు. సందేహముంటే పంపే ముందే భారత పురావస్తు శాఖ నుంచి అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోండి.

ప్ర: తగిలించుకుని తిరగవచ్చా?
జ: ఇంట్లో అద్దాల పెట్టెలో పెట్టుకోవడానికి అడ్డు లేదు. సైనికుడని నమ్మించే ఉద్దేశంతో అలాంటి దుస్తులు, గుర్తులు వాడితే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

ప్ర: దొరికింది పతకమైతే?
జ: అంచు చుట్టూ భూతద్దంతో చూడండి. మొదటి ప్రపంచ యుద్ధకాలపు చాలా పతకాల అంచున సైనికుడి నంబరు, హోదా, పేరు, పటాలం ముద్రించి ఉంటాయి. పేరు చదవగలిగితే, అమ్మకం సంగతి ఆలోచించే ముందు ఆ కుటుంబాన్ని వెతకండి. నంబరు, పటాలం వివరాలతో ఆ రెజిమెంటు కేంద్రానికి ఉత్తరం రాయండి. మనకది సేకరణలో ఒక వస్తువు, వాళ్లకు ఇంటి పెద్ద జ్ఞాపకం. మొదటి హక్కు వాళ్లదే.