చుట్టూ సముద్రం, చేతిలో చెంబుడు నీళ్లు



పిల్లల్ని బడికి దింపడానికి వచ్చేటప్పుడు మీలో చాలామంది కేసీ కెనాల్ వంతెన దాటే వస్తారు. ఆ కాలువలో ఒకప్పుడు పడవలు నడిచేవని వాళ్లకు ఎప్పుడైనా చెప్పారా? పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రను మళ్లించి, కర్నూలు నుంచి కడప దాకా దీన్ని తవ్వించినప్పుడు, పొలాలు పారించడంతో పాటు పడవల రవాణా కూడా దాని ఉద్దేశం. తర్వాత పడవలు ఆగిపోయాయి, సాగునీటి కాలువ మిగిలింది.

కాబట్టి ‘మనది ఎండిన సీమ, మనకు పడవలతో ఏం పని’ అనుకోకుండా ఈ నెల పాఠాన్ని పిల్లలతో కూర్చుని చదవండి. ఎనిమిది నుంచి పదో తరగతి దాకా వాళ్లు చదివే భూగోళం, గణితం, రసాయన శాస్త్రం మూడూ ఇందులో ఉన్నాయి.

2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవ బయలుదేరింది. అందులో ఆరుగురు నౌకాదళ అధికారులు, ఆరుగురూ మహిళలే. నాయకురాలు వర్తికా జోషి. మిగిలినవాళ్లు ప్రతిభా జమ్వాల్, పి. స్వాతి, ఎస్. విజయాదేవి, బొడ్డపాటి ఐశ్వర్య, పాయల్ గుప్తా. స్వాతి విశాఖపట్నం అమ్మాయి, ఐశ్వర్య హైదరాబాద్ అమ్మాయి. ఆస్ట్రేలియాలో ఫ్రీమాంటిల్, న్యూజిలాండ్‌లో లిటిల్టన్, ఫాక్‌లాండ్ దీవుల్లో పోర్ట్ స్టాన్లీ, దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్, ఆ తర్వాత మారిషస్ మీదుగా భూమి చుట్టి 2018 మే 21న తిరిగి గోవా చేరారు. మొత్తం 254 రోజులు. అందులో 199 రోజులు నీళ్ల మీదే. ఈ ప్రయాణం పేరు నావికా సాగర్ పరిక్రమ.

పడవ పొడవు 17 మీటర్లు. ఆర్టీసీ బస్సు ఒకటిన్నర అనుకోండి. వంటిల్లు, పడకలు, మరుగుదొడ్డి, పనిముట్లు, నెలలకు సరిపడా సరుకులు, ఆరుగురు మనుషులు, అంతా అందులోనే.

నేను దీన్ని తరగతిలో చెప్పినప్పుడు పెద్ద అలల గురించి, తుపాను గురించి అడుగుతారనుకున్నాను. ఏడో తరగతి అమ్మాయి ఒకతె లేచి, ‘సార్, వాళ్లు నీళ్లెట్ల పోసుకుంటారు?’ అని అడిగింది. తరగతంతా నవ్వింది. ఆ అమ్మాయిది పత్తికొండ వైపు పల్లె. వేసవిలో వాళ్ల వీధికి ట్యాంకర్ రోజు మార్చి రోజు వస్తుంది. ఆమె అడిగిందే అసలు ప్రశ్న. నేను తయారు చేసుకున్న పాఠాన్ని పక్కనపెట్టి అక్కడి నుంచే మొదలుపెట్టాను. ఈ వ్యాసం కూడా అలాగే నడుస్తుంది.

సముద్రపు నీళ్లలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన ఊళ్లలో అందరికీ అలవాటైన భాషలో చెప్పాలంటే టీడీఎస్ 35,000. తాగునీటికి కోరదగిన పరిమితి 500. మన బోరు నీళ్లు రెండు వేలు దాటితేనే నోట పెట్టలేం. సముద్రపు నీళ్లు తాగితే దాహం ఎందుకు తీరదు? మన మూత్రపిండాలు అంత ఉప్పగా ఉండే మూత్రాన్ని తయారు చేయలేవు. ఒక లీటరు సముద్రపు నీటిలోని ఉప్పును బయటికి పంపాలంటే ఒంట్లోంచి లీటరు కన్నా ఎక్కువ నీళ్లు పోవాలి. తాగినకొద్దీ ఎండిపోతాం.

మరి దూరం వెళ్లే పడవల్లో ఏం చేస్తారు? మన ఇళ్లలో ఉండే ఆర్వోనే పెట్టుకుంటారు. సూత్రం అదే, ఒత్తిడి వేరు. ఇంటి ఆర్వో పంపుకు ఐదారు బార్లు చాలు. సముద్రపు నీళ్లను ఆ పొరలోంచి తోయాలంటే 50, 60 బార్లు కావాలి. మోటార్ సైకిల్ టైరులో ఉండే గాలి రెండు బార్ల చిల్లర, దాంతో పోల్చి చూసుకోమనండి. అంత ఒత్తిడికి కరెంటు కావాలి. పడవలో కరెంటు అంటే బ్యాటరీ. ఆ బ్యాటరీ నిండాలంటే ఎండన్నా ఉండాలి, డీజిలన్నా కాల్చాలి. అందుకే యంత్రం ఉన్నా నీళ్లను లెక్కపెట్టే వాడతారు. పొదుపుగా నడిచే పడవల్లో తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్లతో సరిపెట్టుకుంటారు. జల్ జీవన్ మిషన్‌లో పల్లెటూరి మనిషికి పెట్టుకున్న లెక్క రోజుకు 55 లీటర్లు.

ట్యాంకుల్లో ఉన్న నీళ్లకూ భరోసా లేదు. 2012–13లో అభిలాష్ టామీ ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టి వచ్చినప్పుడు, చివరి రోజుల్లో ఆయన తాగునీటిలో డీజిల్ కలిసిపోయింది. వాన నీళ్లు పట్టుకుని గడిపారు. వాన పడితే తెరచాప మీద నుంచి కారే నీళ్ల కింద బకెట్ పెడతారు. మొదట కారేవి ఉప్పగా ఉంటాయి, పారబోయాలి. మిద్దె మీద వాన నీళ్లు పట్టేటప్పుడు మీ అవ్వ మొదటి నీళ్లను వదిలేసేది చూడండి, అదే పద్ధతి.

2009 అక్టోబర్‌లో తుంగభద్ర కర్నూలును ముంచినప్పుడు మీలో కొందరు మిద్దెల మీద ఉన్నవాళ్లే. చుట్టూ మేడ ఎత్తు నీళ్లు, తాగడానికి గుక్కెడు లేదు. పడవలో ఉండేవాళ్ల పరిస్థితి పిల్లలకు అర్థం కావాలంటే ఆ రోజు గురించి చెప్పండి. ఆ ముచ్చట నేను చెప్పేదానికన్నా మీరు చెబితేనే బాగుంటుంది.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు. స్నానం సముద్రపు నీళ్లతోనే, చివర్న ఒంటి మీద ఉప్పు పోవడానికి ఒక చెంబుడు మంచినీళ్లు. మామూలు సబ్బు సముద్రపు నీళ్లలో నురగ రాదు. ఎందుకు రాదో మన బోరు నీళ్లతో బట్టలుతికే ఏ తల్లినడిగినా చెబుతుంది. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును తెట్టుగా మార్చేస్తాయి. డిటర్జెంట్లకు, షాంపూలకు ఆ ఇబ్బంది తక్కువ, అందుకని పడవల్లో అవే వాడతారు. పదో తరగతి రసాయన శాస్త్రంలో ఇది పరీక్షకు వచ్చే ప్రశ్న. ఇంకొకటి కూడా ఉంది. ఉప్పునీళ్లలో ఉతికిన బట్టలు పూర్తిగా ఆరవు. బట్టలో మిగిలిన ఉప్పు గాలిలోని తేమను లాగుతూనే ఉంటుంది, వానాకాలంలో మన ఉప్పు డబ్బా చెమర్చినట్టు. దక్షిణ సముద్రాల చలిలో తడి బట్టలతో వారాలు గడపడం అలల కన్నా పెద్ద కష్టమని నాకనిపిస్తుంది. ఈ సంగతి ఫొటోల్లో కనిపించదు.

వంట. పొయ్యిని రెండు వైపులా ఇరుసుల మీద ఊయలలాగా వేలాడదీస్తారు. పడవ ఎటు ఒరిగినా గిన్నె మట్టంగా ఉంటుంది. వండేవాళ్లు మాత్రం ఒరుగుతూనే ఉండాలి. కూరగాయలు మొదటి కొన్ని వారాలే. ఆ తర్వాత డబ్బాలు, పొడులు, వేడి చేసుకుని తినే పొట్లాలు. మైసూరులోని రక్షణ ఆహార పరిశోధన ప్రయోగశాల సైన్యం కోసం ఉప్మా, పులావ్ లాంటి వాటిని నెలల తరబడి చెడిపోకుండా పొట్లాల్లో తయారు చేసింది. ఉగ్గాని, బజ్జీ మాత్రం ఇంకా పొట్లంలో రాలేదు.

నిద్ర. తెరచాప పడవకు రాత్రని ఆగే వీల్లేదు. నడి సముద్రంలో లంగరు వేయడానికి నేల అందదు. అందుకని వంతులుంటాయి. చిన్న పడవల్లో మూడు నాలుగు గంటలకొక వంతు మారుతుంది. అర్ధరాత్రి లేచి, తడి కోటు తొడుక్కుని, నడుముకు తాడు తగిలించుకుని పైకి రావాలి. పడుకున్నవాళ్లు దొర్లి పడకుండా పడకకు పక్కన గుడ్డ కట్టుకుంటారు. మరుగుదొడ్డిలో సముద్రపు నీళ్లను చేతిపంపుతో తోడుకోవాలి. ఆరుగురికీ తలుపేసుకుని ఏడవడానికి గది ఉండదు. మాట పట్టింపు వస్తే అలిగి పోవడానికి చోటుండదు, మళ్లీ నాలుగు గంటలకు అదే మనిషికి ప్రాణం అప్పజెప్పి పడుకోవాలి.

ఇక లెక్క. ఇది పిల్లల చేతే చేయించండి, మీరు చెప్పొద్దు. భూమి చుట్టూ 360 డిగ్రీలు. ఒక్కో డిగ్రీకి 60 నిమిషాలు. ఒక్కో నిమిషానికి ఒక నాటికల్ మైలు. గుణిస్తే 21,600. పడవ భూమిని చుట్టిందని ఒప్పుకోవాలంటే కనీసం ఇన్ని నాటికల్ మైళ్లు తిరగాలి, అన్ని రేఖాంశాలూ దాటాలి, భూమధ్యరేఖను రెండుసార్లైనా దాటాలి. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు, అంటే మొత్తం 40,000 కిలోమీటర్ల పైమాటే. దీన్ని 199 రోజులతో భాగిస్తే రోజుకు దాదాపు 200 కిలోమీటర్లు, సుమారుగా కర్నూలు నుంచి కడప దూరం. మన బస్సు నాలుగైదు గంటల్లో పోయే దూరాన్ని ఆ పడవ పగలూ రాత్రీ కలిపి పోయింది. గంటకు ఎనిమిది కిలోమీటర్లు. మన పిల్లల సైకిళ్లు దానికన్నా వేగం.

అట్లాస్‌లో దారి గీయమనండి. గోవా, కర్నూలు దాదాపు ఒకే అక్షాంశం మీద ఉంటాయి, 15 డిగ్రీల పైన ఉత్తరం. అక్కడి నుంచి పడవ తిన్నగా తూర్పుకు పోలేదు, దక్షిణానికి దిగింది. 40 డిగ్రీల దక్షిణ అక్షాంశం దాటాక పడమటి గాలులు ఏడాదంతా వీస్తాయి. అడ్డుకోవడానికి అక్కడ భూమి పెద్దగా లేదు. పాఠ్యపుస్తకంలో ‘గర్జించే నలభైలు’ అని ఒక్క వాక్యంలో చదివి వదిలేస్తాం. ఆ గాలే ఇంజిన్, ఆ గాలే గండం. పసిఫిక్‌లో తారిణికి గంటకు 110 కిలోమీటర్ల గాలి, 7 మీటర్ల అలలు ఎదురయ్యాయి. రెండంతస్తుల మిద్దె ఎత్తు అది. అది దాటి 2018 జనవరిలో దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్‌ను చుట్టారు. అంతా అయిపోయి ఇంటి దారి పట్టాక హిందూ మహాసముద్రంలో పడవను తిప్పే స్టీరింగ్ చెడింది. మారిషస్‌లో ఆగడం అందుకే. ముందు అనుకున్న మజిలీ కాదది. దారిలో వాతావరణం, అలల వివరాలు నమోదు చేసి పంపడం కూడా వాళ్ల పనుల్లో ఒకటి.

పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తండ్రి నన్ను పక్కకు పిలిచి, ‘మా పాప నేవీ అంటాంది సార్. మీరే ఏదో చెప్పినారంట. సముద్రం చూడాలంటేనే మేం నెల్లూరు దాకా పోవాల, మనకెందుకు సార్ ఇయ్యన్నీ?’ అన్నారు. కోపంగా కాదు, దిగులుగా అన్నారు. నేను ఆరుగురి ఊళ్లూ చెప్పాను. వర్తికది ఉత్తరాఖండ్‌లోని రిషీకేశ్, పాయల్‌ది డెహ్రాడూన్, ప్రతిభది హిమాచల్‌లోని కులు, విజయాదేవిది మణిపూర్, ఐశ్వర్యది హైదరాబాద్. ఇంటి దగ్గర సముద్రం ఉన్నది స్వాతికొక్కతికే. ఆయన కాసేపు ఊరుకుని, ‘అన్ని దినాలు బిడ్డ ఎట్లుందో తెలీకుండా ఇంట్లోవాళ్లు ఎట్ల నిద్రపోయినారో’ అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. శాటిలైట్ ఫోన్లు ఉంటాయని చెప్పాను గాని, ఆయన అడిగింది ఫోన్ల గురించి కాదు.

ఆయనకు చెప్పిన మిగతా సంగతి మీకూ పనికొస్తుంది. నేషనల్ డిఫెన్స్ అకాడమీలోకి 2022 నుంచి అమ్మాయిలను తీసుకుంటున్నారు. మొదటి 17 మంది 2025 మే 30న శిక్షణ ముగించుకుని బయటికి వచ్చారు. పరీక్ష యూపీఎస్సీ పెడుతుంది, ఇంటర్ రెండో ఏడాది చదువుతూ కూడా రాయవచ్చు. నేవీకి గణితం, భౌతిక శాస్త్రం ఉండాలి, అంటే మన ఎంపీసీ పిల్లలే. మేం ఐఐటీ, నీట్ ర్యాంకుల గురించి చెప్పినన్నిసార్లు దీని గురించి చెప్పం. అది మా లోపమే. తారిణి మళ్లీ బయలుదేరింది కూడా. 2024 అక్టోబర్ 2న దిల్నా, రూపా అనే ఇద్దరు అధికారులు, కేవలం ఇద్దరే, అదే పడవలో గోవా నుంచి వెళ్లి 2025 మేలో తిరిగొచ్చారు.

ఇంట్లో చేయాల్సింది: ఒక ఆదివారం 20 లీటర్ల క్యాన్ ఒకటి తెచ్చి, నలుగురున్న ఇంట్లో తాగడానికి, వంటకు, అంట్లు కడగడానికి తెల్లవార్లూ అదే వాడండి. చిన్నపిల్లలకు, పెద్దవాళ్లకు తాగే నీళ్లు తగ్గించొద్దు, స్నానానికి కుళాయి నీళ్లు వాడుకోవచ్చు. లెక్క రాసే బాధ్యత పిల్లలది. ఎవరు ఎంత వాడారు, క్యాన్ ఎన్ని గంటలకు అయిపోయింది, దేనికి ఎక్కువ ఖర్చయింది. మా ఇంట్లో మధ్యాహ్నం రెండుకే అయిపోయింది. ఎక్కువ వాడింది నేనేనని మా అబ్బాయి తేల్చాడు.

ఒక పొడుపు ప్రశ్న కూడా. తారిణి తూర్పు వైపుగా భూమిని చుట్టింది. ఒడ్డున క్యాలెండర్ చూసేవాళ్లకు 254 తేదీలు అయ్యాయి. పడవలో ఉన్నవాళ్లు చూసిన సూర్యోదయాలు దానికన్నా ఒకటి ఎక్కువ. ఎక్కడి నుంచి వచ్చింది ఆ అదనపు సూర్యోదయం? గ్లోబు ముందు పెట్టుకుని, అంతర్జాతీయ దినరేఖ మీద వేలు పెట్టి ఆలోచించమనండి. బొమ్మ గీసిన జవాబును, నీళ్ల లెక్క కాగితాన్ని కలిపి సోమవారం క్లాస్ టీచర్‌కు ఇవ్వాలి.