చెయ్యి పైకి లేవాలంటే: భుజం కండరాలు, కీలు మార్పిడి



నిర్గమకాండము 17వ అధ్యాయంలో మోషే కొండ మీద చేతులెత్తిన సంగతి సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు. ఆయన చేతులు బరువెక్కితే రాతి మీద కూర్చోబెట్టి, అహరోను ఒకవైపు, హూరు ఇంకోవైపు ఆదుకున్నారు. చేతిలో కర్ర తప్ప వేరే బరువేమీ లేదు కదా, మరి ఎందుకు అలసిపోయాడు? నర్సింగ్ విద్యార్థినులకు భుజం పాఠం చెప్పేటప్పుడు మేము ఈ ప్రశ్నతోనే మొదలుపెడతాం.

జవాబు మీ ఇంటి తలుపులో ఉంది. తలుపును గడియ దగ్గర నెడితే తేలిగ్గా కదులుతుంది. మడతబందు దగ్గర నెట్టి చూడండి, ఎంత బలం పెట్టాలో తెలుస్తుంది. భుజం కండరం పాపం ఎప్పుడూ మడతబందు దగ్గరే నిలబడి పనిచేస్తుంది. 60 కిలోల మనిషికి ఒక చెయ్యి సుమారు 3 కిలోలు తూగుతుంది. చెయ్యి పక్కకు చాపితే ఆ బరువు కీలుకు సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో కిందికి లాగుతుంది. దాన్ని పైకి లాగే కండరానికి కీలు నుంచి దొరికే దూరం సుమారు 3 సెంటీమీటర్లే. అంటే పది రెట్లు తక్కువ. అందుకని 3 కిలోల చేతిని నిలబెట్టడానికి కండరం 30 కిలోల బలంతో లాగాలి. చాపిన చేతిలో ఒక కిలో పంచదార పొట్లం పెట్టారనుకోండి, ఇంకో 20 కిలోలు కలుస్తాయి. అదే మోచెయ్యి మడిచి పొట్లాన్ని ఒంటికి దగ్గరగా పట్టుకుంటే ఈ భారం చాలావరకు తగ్గిపోతుంది. నాచారం పారిశ్రామికవాడలో పై అరలకు అట్టపెట్టెలు ఎక్కించేవారు, రోజూ షాపు షట్టరు ఎత్తేవారు, గోడలకు రంగులు వేసేవారు భుజం పట్టుకుని మా దగ్గరకు రావడానికి ఒక కారణం ఈ లెక్కే.

ఇక కీలు సంగతి. తుంటి కీలులో బంతి లోతైన గిన్నెలో కూర్చుంటుంది. భుజంలో అలా కాదు. చర్చి వార్షికోత్సవాల్లో పిల్లలకు పెట్టే నిమ్మకాయ, చెంచా పందెం గుర్తుంది కదా, భుజం కీలు అచ్చం అలాగే ఉంటుంది. చేతి ఎముక పైనున్న గుండ్రటి తల పెద్దది, రెక్క ఎముకకు ఉన్న గుంట చిన్నది. ఏ సమయంలో చూసినా ఆ తలలో పావు వంతో మూడో వంతో మాత్రమే గుంటకు ఆనుకుని ఉంటుంది. అందుకే చెయ్యి అన్ని దిక్కులకూ తిరుగుతుంది, అంతే సులువుగా జారిపోతుంది కూడా.

నిమ్మకాయ పడిపోకుండా పట్టుకునేవి నాలుగు చిన్న కండరాలు. సుప్రాస్పైనాటస్ పైన, సబ్‌స్కాపులారిస్ ముందు, ఇన్‌ఫ్రాస్పైనాటస్, టీరిస్ మైనర్ వెనుక ఉంటాయి. ఈ నాలుగింటినీ కలిపి రొటేటర్ కఫ్ అంటారు. వీటికి పైగా భుజాన్ని కప్పి ఉండే పెద్ద కండరం డెల్టాయిడ్. 2021లో మీరు కోవిడ్ టీకా వేయించుకున్నది దానికే. డెల్టాయిడ్ ఒక్కటే లాగితే ఎముక తల పైకి జరిగి పైనున్న ఎముకను గుద్దుకుంటుంది. అదే సమయానికి నాలుగు చిన్న కండరాలూ తలను గుంటలోకి, కొంచెం కిందికి నొక్కి పట్టుకోవడం వల్ల అది ఉన్నచోటే తిరుగుతుంది, చెయ్యి లేస్తుంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయంలో అవయవాల గురించి చదివినప్పుడల్లా మాకు ఈ కండరాలే గుర్తొస్తాయి. రెక్క ఎముక కూడా ఊరికే కూర్చోదు. చెయ్యి నిటారుగా 180 డిగ్రీలు లేస్తే అందులో సుమారు 120 భుజం కీలువి, మిగతా 60 రెక్క ఎముక జరగడం వల్ల వచ్చేవి.

ఆ మధ్య నాచారం నుంచి 68 ఏళ్ల ఒక అమ్మ వచ్చారు. స్నానాల గదిలో జారి, చెయ్యి ఆనించి పడ్డారు. ఎక్స్‌రేలో ఎముక విరగలేదు. ఎనిమిది నెలలు నూనె మర్దన చేయించారు, ఎవరితోనో గట్టిగా లాగించారు కూడా. "సిస్టరమ్మా, రెక్క లేస్తలేదు. జడ ఏసుకోనీకి కూడ కోడలే కావాలె" అన్నారు. డాక్టరుగారు తన చేత్తో ఎత్తితే ఆమె చెయ్యి చెవిదాకా లేచింది. వదలగానే పడిపోయింది. ఎమ్మారై తీస్తే కఫ్ కండరాల నరాలు (జనం నరాలంటారు గానీ అవి కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువులు) తెగిపోయి, కండరం ఎండి కొవ్వుగా మారిపోయిందని తేలింది. అలా మారింది మళ్లీ కండరం కాదు. కుట్టడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. పడిన కొద్ది వారాల్లో తెలిసి ఉంటే కుట్టే వీలుండేదేమో. మొదట్లో ఆ ఎక్స్‌రే చూసి "ఎముక బాగుంది, భయం లేదు" అని ధైర్యం చెప్పి పంపినవాళ్లలో మేమూ ఉన్నాం. అందుకే ఇది రాస్తున్నాం. ఎక్స్‌రేలో ఎముకే కనిపిస్తుంది, స్నాయువు కనిపించదు.

ఇంట్లోనే గమనించగల తేడా ఒకటుంది. మీరు ఎత్తితే లేవని చెయ్యి, ఇంకొకరు మెల్లగా ఎత్తితే లేస్తోందా? అయితే కండరమో, దాని స్నాయువో, నరమో దెబ్బతిందని అనుమానించాలి. పడిన తర్వాత ఇలా అయితే ఆలస్యం చేయకండి. ఎవరు ఎత్తినా లేవకుండా బిగుసుకుపోతే అది ఫ్రోజెన్ షోల్డర్ కావచ్చు. షుగరు ఉన్నవారికి ఇది ఎక్కువగా వస్తుంది, ఒకటి రెండేళ్లు పట్టినా చాలామందికి వ్యాయామంతో తగ్గుతుంది. వయసుతో వచ్చే చిన్న చిరుగులు కూడా అందరికీ ఆపరేషన్ దాకా వెళ్లవు. ఇంకో మాట: ఎడమ భుజం నొప్పితో పాటు చెమటలు, ఛాతీలో బరువు, ఆయాసం ఉంటే అది భుజం జబ్బు అనుకోకండి. వెంటనే క్యాజువాలిటీకి వెళ్లాలి.

కీలు మార్పిడి కొత్త విద్య కాదు. 1893లో పారిస్‌లో పేయాన్ అనే సర్జన్, క్షయతో భుజం పాడైన ఒక రోగికి ప్లాటినం, రబ్బరుతో చేసిన కీలు అమర్చాడు. చీము పట్టి సుమారు రెండేళ్లకు దాన్ని తీసేయాల్సి వచ్చింది. 1950లలో అమెరికాలో డాక్టర్ చార్లెస్ నీర్ ముక్కలైన ఎముక తల స్థానంలో లోహపు తల పెట్టారు, తర్వాత గుంటకు ప్లాస్టిక్ కూడా చేరింది. కీలు అరిగినా కఫ్ బాగున్నవారికి ఇది చక్కగా పనికొస్తుంది. కఫ్ పోయినవారికి మాత్రం నిమ్మకాయను పట్టుకునే దిక్కు లేక, కొత్త కీలు పైకి జరిగిపోయేది.

ఫ్రాన్సులోని డిజాన్ పట్టణంలో పాల్ గ్రామాంట్ 1985 ప్రాంతంలో దీన్ని తిరగేశాడు. బంతిని రెక్క ఎముకకు బిగించి, గిన్నెను చేతి ఎముకకు పెట్టాడు. దానివల్ల కీలు తిరిగే కేంద్రం లోపలికి, కిందికి జరిగింది. మనం పైన చెప్పుకున్న 3 సెంటీమీటర్ల దూరం పెరిగింది, మడతబందు దగ్గర నిలబడిన డెల్టాయిడ్ కాస్త దూరం జరిగి నెట్టినట్టయింది. కఫ్ లేకపోయినా డెల్టాయిడ్ చెయ్యి ఎత్తగలదు. అందుకే ఈ రివర్స్ కీలు పెట్టాలంటే డెల్టాయిడ్, దానికి వెళ్లే నరం బాగుండాలి. విదేశీ రిజిస్టర్ల లెక్కల్లో పదేళ్ల తర్వాత కూడా పది భుజాల్లో సుమారు తొమ్మిది మళ్లీ ఆపరేషన్ అవసరం లేకుండా పనిచేస్తున్నాయి. నాచారం అమ్మకు ఇదే చేశారు. ఇప్పుడు జడ వేసుకుంటున్నారు. చెయ్యి వెనక్కి పెట్టి కొంగు దోపుకోవడం మాత్రం ఇంకా రాలేదు, రాకపోవచ్చు కూడా. ఈ సంగతి ఆపరేషన్‌కు ముందే చెప్పాం.

ఆపరేషన్ అయినవారి ఇంటివాళ్లు గమనించవలసినవి. నాలుగు నుంచి ఆరు వారాల వరకు స్లింగ్ ఉంటుంది. ముందు గుండీల జాకెట్టో, నైటీయో వాడండి. తొడిగేటప్పుడు ఆపరేషన్ చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర. పడుకున్నప్పుడు వీపు కింద దిండ్లు పెట్టి ఏటవాలుగా ఉంచి, మోచేతి కింద మడిచిన దుప్పటి పెట్టండి, లేకపోతే చెయ్యి వెనక్కి వాలిపోతుంది. మంచం మీంచి ఆ చెయ్యి ఊని లేవకూడదు. రివర్స్ కీలు జారిపోయే భంగిమ అదే: చెయ్యి వెనక్కి, లోపలికి తిరిగినప్పుడు. మరుగుదొడ్డిలో కడుక్కోవడానికి కూడా రెండో చెయ్యే వాడాలి. ఇది సిగ్గుతో ఎవరూ అడగరు, మేమే చెబుతున్నాం. చంకలో చెమట నిలవకుండా, నడుము వంచి చెయ్యి వదులుగా వేలాడదీసి తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. గాయం ఎర్రబడినా, నీరు కారినా, జ్వరం వచ్చినా మాత్ర వేసుకుని చూద్దామని ఆగకండి. షుగరు ఉన్నవారైతే మరీ.

బస్సులో వెళ్లేవారికి ఒక్క మాట. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఎక్కి తార్నాక దాకా పై కడ్డీకి వేలాడుతూ వెళ్తే, బ్రేకు పడ్డప్పుడు ఒళ్లంతా భుజం మీదే పడుతుంది. భుజం నొప్పి ఉన్నవారు సీటు వెనుకనున్న పిడిని మోచెయ్యి మడిచి పట్టుకోండి, లేదా ఎవరినైనా సీటు అడగండి.

పక్షవాతం వచ్చినవారిని చూసుకునేవారు కూడా ఇది చదవాలి. వాళ్ల కండరాలు పట్టు వదిలేసి ఉంటాయి కాబట్టి పడిపోయిన చెయ్యి పట్టుకుని లేపితే కీలు జారుతుంది. చెయ్యి పట్టుకోకుండా, వీపు వెనుక, రెక్క ఎముక కింద చెయ్యి వేసి లేపండి. ఎలాగో తెలియకపోతే మా ఫిజియోథెరపీ గదికి వస్తే చేసి చూపిస్తాం.