ఇంట సిగ్నల్ అందనప్పుడు వై-ఫై కాలింగ్: గృహస్థులకు ఒక పాఠం

పాఠం ఉద్దేశం

ఇంటి లోపల మొబైల్ సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు, ఇంట్లోని బ్రాడ్‌బ్యాండ్ ద్వారా మామూలు ఫోన్ కాల్ చేసుకొనే పద్ధతిని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. పాఠం పూర్తయ్యేసరికి పాఠకులు తమ ఫోన్‌లో ఈ సదుపాయాన్ని గుర్తించి, అమర్చుకొని, పరీక్షించుకోగలగాలి. అది ఎక్కడ అక్కరకు రాదో కూడా తెలుసుకోగలగాలి.

ఒక ఇంటి ఉదాహరణ

బళ్లారి నుంచి హొసపేట వెళ్లే రహదారి మీద, బళ్లారికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో కుడతిని ఉంది. ఊరి పక్కనే కర్ణాటక విద్యుత్ నిగమానికి చెందిన 1,700 మెగావాట్ల బళ్లారి థర్మల్ విద్యుత్కేంద్రం, అదే దారిలో ఇంకొంత ముందుకు వెళితే తోరణగల్లు ఉక్కు కర్మాగారం ఉన్నాయి. పని కోసం ఈ ప్రాంతానికి వచ్చి కాపురముంటున్న తెలుగువారికి సరిహద్దు అవతలి ఊళ్లతో బంధుత్వం ఈనాటిది కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరగా, బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరింది. గీత ఇళ్ల మధ్య పడినా చుట్టరికాలు తెగలేదు. నేడు ఆ చుట్టరికాలను నిలుపుతున్నది చాలావరకు ఫోనే.

ఇక్కడ అద్దె ఇంట్లో ఉంటూ రాత్రి షిఫ్టుకు వెళ్లే ఒక కార్మికుని కుటుంబాన్ని ఊహించుకోవచ్చు. ఇంట భార్య, మూడేళ్ల బిడ్డ ఉంటారు. తల్లి ఆదోని దగ్గరి పల్లెలో ఉంటుంది. ఆమె చేతిలో ఉన్నది బటన్ల ఫోన్ మాత్రమే. ఇల్లు కింది అంతస్తులో ఉంది, పైన రెండు కాంక్రీటు కప్పులు, నాలుగు పక్కలా ఇళ్లు. అత్త నుంచి ఫోన్ వచ్చినప్పుడల్లా కోడలు “ఉండత్తా, మిద్దెక్కి మాట్లాడతా” అని మెట్ల వైపు నడవాలి. పగలు అది చిన్న ఇబ్బందే. కానీ రాత్రి బిడ్డకు జ్వరం పెరిగి భర్తకో ఆసుపత్రికో ఫోన్ చేయవలసి వస్తే, బిడ్డను ఒంటరిగా వదిలి మిద్దె ఎక్కవలసి రావడం చిన్న సంగతి కాదు. ఈ పాఠం అటువంటి ఇళ్ల కోసమే.

సిగ్నల్ ఇంటి లోపలికి ఎందుకు రాదు?

మొబైల్ టవర్ నుంచి వెలువడే రేడియో తరంగం దూరం పెరిగేకొద్దీ బలహీనపడుతుంది. దారిలో గోడలు, గుట్టలు అడ్డం వస్తే మరింత క్షీణిస్తుంది. ఇనుప కమ్ములతో పోసిన కాంక్రీటు కప్పు, రేకుల కప్పు, లోహపు పూత ఉన్న అద్దాలు తరంగాన్ని ఎక్కువగా అడ్డగిస్తాయి. తరంగ పౌనఃపున్యం కూడా ముఖ్యమే. మన దేశంలో మొబైల్ సేవలకు వాడే 850, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు గోడలను కొంత మెరుగ్గా దాటుతాయి. 2,300 మెగాహెర్ట్జ్ వంటివి ఎక్కువ సమాచారాన్ని మోయగలిగినా గోడల దగ్గర త్వరగా నీరసిస్తాయి. అందుకే వీధిలో నిండుగా కనిపించే సిగ్నల్ గీతలు వంటింట్లోకి వచ్చేసరికి ఒకటో రెండో మిగులుతాయి.

సిగ్నల్ బలాన్ని డీబీఎం అనే కొలతలో చెబుతారు. ఈ అంకె రుణాత్మకంగా ఉంటుంది, సున్నాకు దగ్గరగా ఉన్నకొద్దీ బలం ఎక్కువ. 4జీలో -80 ప్రాంతం మంచి సిగ్నల్. -110 దాటి కిందికి దిగితే మాటలు తెగడం మొదలవుతుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోని ‘అబౌట్ ఫోన్’ విభాగంలో సిమ్ స్థితి తెరిస్తే ఈ అంకె కనిపిస్తుంది. గదిగదికీ తిరిగి అంకెను ఒక కాగితం మీద రాసుకొంటే ఇంట్లో ఏ మూల మేలో తేలుతుంది.

వై-ఫై కాలింగ్ అంటే ఏమిటి?

ఫోన్ కాల్ టవర్ మీదుగా కాక, ఇంటి వై-ఫై మీదుగా అదే మొబైల్ సంస్థ కేంద్రానికి చేరడమే వై-ఫై కాలింగ్. దీనినే వో-వైఫై అని కూడా అంటారు. ఈ పద్ధతిలో ఫోన్ ముందుగా ఇంటర్నెట్ గుండా మొబైల్ సంస్థ ద్వారం వరకు ఒక రహస్య సొరంగాన్ని ఏర్పరుస్తుంది. ఆ సొరంగంలో సిమ్ కార్డు తన గుర్తింపును నిరూపించుకుంటుంది. ఆ తరువాత మాటలన్నీ సంకేతలిపిలోకి మారి అదే మార్గాన పోతాయి. కనుక వై-ఫై ఎవరిదైనా మధ్యలో ఉన్నవారు ఆ సంభాషణను వినలేరు.

వాట్సాప్ కాల్‌కూ దీనికీ ఉన్న భేదాన్ని గ్రహించడం ముఖ్యం. వాట్సాప్ కాల్‌కు ఇరువైపులా ఇంటర్నెట్, ఇరువైపులా ఆ యాప్ ఉండాలి. వై-ఫై కాలింగ్‌కు కాల్ చేసే వారి ఇంట మాత్రమే ఉంటే చాలు. అవతలి వ్యక్తిది బటన్ల ఫోన్ అయినా, ల్యాండ్‌లైన్ అయినా మోగుతుంది. అక్కడ కనిపించేది మామూలు నంబరే. పైన చెప్పిన ఉదాహరణలో పల్లెలోని అత్త కొత్త ఫోన్ కొనవలసిన పని లేదు, కొత్తగా నేర్చుకోవలసిందీ లేదు.

మన దేశంలో ఇంటర్నెట్ మీదుగా ఫోన్ కాల్స్‌ను అనుమతించాలని టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ ట్రాయ్ 2017 అక్టోబరులో సిఫారసు చేసింది. 2018లో టెలికాం శాఖ అందుకు దారి తెరిచింది. 2019 డిసెంబరులో ఎయిర్‌టెల్, 2020 జనవరిలో జియో వై-ఫై కాలింగ్‌ను ప్రారంభించాయి. దీనికి విడిగా రుసుము లేదు. మామూలు కాల్ ఏ ప్లాన్ కింద సాగుతుందో ఇదీ ఆ ప్లాన్ కిందే సాగుతుంది.

కావలసినవి

ఒకటి, ఈ సదుపాయం ఉన్న స్మార్ట్‌ఫోన్. రెండు, ఈ సేవను ఇచ్చే సంస్థ సిమ్. మూడు, నిలకడైన బ్రాడ్‌బ్యాండ్. బ్రాడ్‌బ్యాండ్ ఏ కంపెనీదైనా సాధారణంగా సరిపోతుంది. సిమ్, బ్రాడ్‌బ్యాండ్ ఒకే సంస్థవి కావలసిన అవసరం లేదు.

వేగం గురించి దిగులు అక్కరలేదు. ఒక కాల్‌కు సెకనుకు 100 కిలోబిట్లు చాలు. ఆ లెక్కన నిమిషానికి ఒక ఎంబీ లోపు, గంటకు 50 ఎంబీ లోపు ఖర్చవుతుంది. 2023 నుంచి మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కావలసిన కనీస వేగం 2 ఎంబీపీఎస్, అంటే అవసరమైన దానికి ఇరవై రెట్లు. అసలు చూడవలసింది నిలకడ. మాట ఒకవైపు నుంచి మరొకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు మించకపోతే సంభాషణ సహజంగా సాగుతుందని అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. ఇంట్లో ఒకరు పెద్ద సినిమా ఫైలును దించుకుంటూ ఉంటే వేగం ఉన్నా మాట తడబడవచ్చు.

అమర్చుకొనే క్రమం

1. ఫోన్‌ను ఇంటి వై-ఫైకి కలపాలి. ఫోన్ సాఫ్ట్‌వేర్ పాతదైతే ముందుగా అప్‌డేట్ చేయాలి.

2. ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి, నెట్‌వర్క్ లేదా సిమ్ విభాగంలో ‘వై-ఫై కాలింగ్’ను ఆన్ చేయాలి. కంపెనీని బట్టి ఈ మీట ఉండే చోటు మారుతుంది. వెంటనే దొరకకపోతే సెట్టింగ్స్ పైభాగంలోని వెతుకుపెట్టెలో ‘వై-ఫై కాలింగ్’ అని టైపు చేయాలి. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లోని సెల్యులర్ లేదా మొబైల్ విభాగంలో ఇది ఉంటుంది.

3. రెండు సిమ్‌లు ఉంటే ఒక్కొక్క సిమ్‌కూ విడివిడిగా ఆన్ చేయాలి. చాలామంది మరచిపోయేది ఇదే.

4. ‘వై-ఫైకి ప్రాధాన్యం’, ‘మొబైల్‌కు ప్రాధాన్యం’ అనే ఎంపిక కనిపిస్తే, సిగ్నల్ బలహీనంగా ఉన్న ఇంట మొదటిదానిని ఎంచుకోవాలి.

5. ఫోన్ పైభాగంలో వై-ఫై గుర్తు పక్కన చిన్న ఫోన్ బొమ్మ గాని ‘వో-వైఫై’ అనే అక్షరాలు గాని కనిపిస్తే పని పూర్తయినట్లే.

పరీక్షించే సులభ మార్గం

ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి. అప్పుడు టవర్‌తో సంబంధం పూర్తిగా తెగిపోతుంది. తరువాత వై-ఫైని మాత్రం తిరిగి ఆన్ చేసి, ఇంట్లోని మరో ఫోన్‌కు కాల్ చేయాలి. అది మోగితే కాల్ వై-ఫై మీదుగానే వెళ్లిందని నిశ్చయం. ఆ స్థితిలోనే మరో ఫోన్ నుంచి ఒక ఎస్ఎంఎస్ పంపి చూడాలి. బ్యాంకు ఓటీపీలు ఎస్ఎంఎస్‌గానే వస్తాయి కాబట్టి, అవి ఇంట్లో అందుతాయో లేదో అవసరానికి ముందే తెలుసుకోవడం మంచిది. పరీక్ష ముగిశాక ఏరోప్లేన్ మోడ్‌ను తప్పక ఆపివేయాలి.

పని చేయనప్పుడు

మొదట రౌటర్‌ను ఆపి, ఒక నిమిషం తరువాత మళ్లీ ఆన్ చేయాలి. ఫోన్‌ను కూడా అలాగే చేయాలి. గదిని బట్టి మాట తెగుతూ ఉంటే రౌటర్‌ను ఇంటి నడుమకు, కొంచెం ఎత్తుకు మార్చాలి. బీరువా వెనుక, ఫ్రిజ్ పక్కన పెట్టకూడదు. రౌటర్‌లో 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు పేర్లు కనిపిస్తే, గోడలు దాటవలసిన గదుల్లో 2.4 మేలు. ఇన్ని చేసినా గుర్తు కనిపించకపోతే రౌటర్ ఆ సొరంగ మార్గాన్ని అడ్డగిస్తూ ఉండవచ్చు. ‘వై-ఫై కాలింగ్‌కు అవసరమైన 500, 4500 యూడీపీ పోర్టులు తెరిచి ఉన్నాయా’ అని బ్రాడ్‌బ్యాండ్ వారిని అడిగితే సరిపోతుంది.

బ్రాడ్‌బ్యాండ్ లేని ఇంట మరొక మార్గం ఉంది. ఒక సంస్థ సిగ్నల్ అందని చోట మరో సంస్థ సిగ్నల్ అందుతూ ఉండవచ్చు. అప్పుడు రెండో ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి, మొదటి ఫోన్‌ను దానికి కలిపితే వై-ఫై కాలింగ్ పని చేస్తుంది.

సిగ్నల్ పెంచుతాయని బజారులో అమ్మే బూస్టర్లను మాత్రం కొనరాదు. అనుమతి లేకుండా వాటిని బిగించడం చట్టవిరుద్ధం. అవి పక్క ఇళ్లవారి కాల్స్‌ను కూడా చెడగొడతాయి.

కరెంటు పోయినప్పుడు, ఆపద వచ్చినప్పుడు

విద్యుత్కేంద్రం పక్కనే ఉన్నా ఇంట్లో కరెంటు పోవచ్చు. దీపం కింద చీకటి ఉండనే ఉంటుంది. కరెంటు పోతే రౌటర్ ఆగుతుంది, రౌటర్ ఆగితే వై-ఫై కాలింగ్ ఆగుతుంది. ఫైబర్ కనెక్షన్‌లో గోడకు బిగించిన ఓఎన్‌టీ పెట్టెకు కూడా కరెంటు కావాలి. రౌటర్ కోసమే తయారైన చిన్న యూపీఎస్ ఒకటి ఇంట ఉంటే కొన్ని గంటలపాటు ఈ చిక్కు ఉండదు. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద రాసి ఉన్న వోల్టేజీని సరిచూసుకోవాలి.

అత్యవసర సమయంలో 112కు ఫోన్ చేస్తే, సొంత సంస్థ సిగ్నల్ లేకపోయినా అందుబాటులో ఉన్న ఏ సంస్థ టవర్ ద్వారానైనా ఆ కాల్ కలిసే అవకాశం ఉంది. అయితే వై-ఫై మీదుగా వెళ్లిన కాల్‌లో ఇల్లు ఎక్కడ ఉందో అవతలివారికి కచ్చితంగా తెలియకపోవచ్చు. కాబట్టి 112కైనా, అంబులెన్స్ కోసం 108కైనా ఫోన్ చేసిన వెంటనే ముందుగా చిరునామా చెప్పాలి. కర్ణాటకలో సమాధానం సాధారణంగా కన్నడంలో వస్తుంది. “నమ్మ మనె కుడతినియల్లిదె. ఆంబులెన్స్ బేకు. బేగ బన్ని” అనే మూడు మాటలు ఇంటిల్లిపాదికీ వచ్చి ఉండాలి. వీధి పేరు, దగ్గరి గుడి లేదా బడి పేరు ఒక కాగితం మీద రాసి రౌటర్ పక్కన గోడకు అంటిస్తే కంగారులో తడబాటు ఉండదు.

మోసాల విషయంలో జాగ్రత్త

వై-ఫై కాలింగ్ ఆన్ చేయడానికి ఎవరికీ డబ్బు కట్టనక్కరలేదు, ఎవరికీ ఓటీపీ చెప్పనక్కరలేదు. ‘మీ సిమ్‌లో ఈ సేవ మొదలుపెడతాం, వచ్చిన అంకె చెప్పండి’ అని ఫోన్ వస్తే అది మోసమే. డబ్బు పోయినట్లయితే ఆలస్యం చేయక 1930కి ఫోన్ చేయాలి.

ఫిర్యాదు హక్కు

వై-ఫై కాలింగ్ ఒక ఆసరా మాత్రమే. వీధిలోనే సిగ్నల్ లేకపోతే దానిని సరిచేయవలసిన బాధ్యత మొబైల్ సంస్థదే. 198కి ఫోన్ చేసి ఫిర్యాదు చేస్తే ఒక ఫిర్యాదు సంఖ్య ఇస్తారు. దానిని తేదీతో సహా రాసిపెట్టుకోవాలి. పరిష్కారం తృప్తికరంగా లేకపోతే 30 రోజులలోపు అదే సంస్థలోని అప్పీలు అధికారికి విన్నవించుకోవచ్చు. దీనికి రుసుము లేదు. ఇంటి గదుల్లో రాసుకొన్న డీబీఎం అంకెలు ఇక్కడ అక్కరకు వస్తాయి. ‘సిగ్నల్ రావడం లేదు’ అనే మాటకంటే ‘వీధిలో -112, వంటింట్లో -120’ అనే మాటకు బలం ఎక్కువ. ఒకే వీధివారు పదిమంది విడివిడిగా ఫిర్యాదు చేస్తే అది ఒక్కరి ఇబ్బందిగా మిగిలిపోదు.

పునశ్చరణ

1. వాట్సాప్ కాల్‌కూ వై-ఫై కాలింగ్‌కూ ఉన్న ముఖ్యమైన భేదం ఏమిటి?

2. ఏరోప్లేన్ మోడ్ పరీక్ష దేనిని నిరూపిస్తుంది?

3. కరెంటు పోయినప్పుడు వై-ఫై కాలింగ్ ఎందుకు ఆగుతుంది? అందుకు ఉపాయం ఏమిటి?

4. 112కు ఫోన్ చేసినప్పుడు మొదట చెప్పవలసినది ఏది? ఎందుకు?

అభ్యాసం

ఈ వారంలో ఒక సాయంత్రం ఇంట్లోవారందరి ఫోన్లనూ ఒకచోట చేర్చి, ఒక్కొక్క సిమ్‌కూ వై-ఫై కాలింగ్ ఆన్ చేసి పరీక్షించాలి. ఆ తరువాత రాత్రి ఇంట ఒంటరిగా ఉండే వారి చేతనే, మంచం దగ్గర నుంచి సొంత ఊరికి ఒక కాల్ చేయించాలి. మిద్దె ఎక్కకుండా ఆ మాట పూర్తయితే పాఠం వచ్చినట్లే.