వెన్నులో అర్బుదము: నడుము నొప్పియని ఉపేక్షింపరాదు

బోధన్ ప్రాంతమున నడుము నొప్పి లేని ఇల్లు అరుదు. షక్కర్‌నగర్ చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది గాని, చెరుకు కట్టలు మోసిన తరమువారి నడుములలో ఆ బరువు ఇంకను ఉన్నది. ఇట్టి నొప్పి చాలవరకు విశ్రాంతితో, వావిలాకు కాపడముతో, నువ్వుల నూనె మర్దనముతో తగ్గును. తగ్గని నొప్పిని గూర్చియే ఈ వ్యాసము.

శ్రమ వలన కలిగిన నొప్పి పడుకొనగానే శాంతించును. అర్బుదపు నొప్పి తరచుగా పడుకొన్న తరువాతనే పెరిగి, నిద్ర నుండి లేపును. నడుచునపుడు చెప్పు కాలి నుండి జారిపోయినను తెలియకుండుట, మెట్లెక్కునపుడు మోకాళ్లు కూలబడుట, పొట్టచుట్టు పట్టీ బిగించినట్లుండుట, కూర్చొను భాగమున స్పర్శ తగ్గుట, మూత్రము బిగియుట: వీనిలో ఏ ఒక్కటి కనబడినను ఆనాడే ఆస్పత్రికి పోవలెను. రోగిని నేను మొదట అడుగునది చెప్పును గూర్చియే.

సుశ్రుతుడు నిదానస్థానమున అర్బుదమును గుండ్రనిది, కదలనిది, లోతుగా వేరూనినది, మెల్లగా పెరుగునది, చీము పట్టనిది అని వర్ణించి, మర్మస్థానమున పుట్టినదానిని అసాధ్యమనెను. ఆయనకు కనబడని వెన్నుకాలువ నేడు ఎం.ఆర్.ఐ.లో కనబడుచున్నది. ఎక్స్‌రే బాగున్నదని ఊరడిల్లరాదు; ఎముక చాలవరకు క్షీణించినగాని అందులో తెలియదు.

వెన్నెముకలోని అర్బుదములలో అధికభాగము రొమ్ము, ఊపిరితిత్తులు, ప్రోస్టేటు వంటి చోట్ల నుండి వ్యాపించినవే. పూర్వము క్యాన్సరు చికిత్స పొందినవారు నడుము నొప్పిని తేలికగా తీసికొనరాదు. నాడుల పొరలలో పుట్టు మెనింజియోమా, ష్వానోమాలు సాధారణముగా క్యాన్సరు కావు. శస్త్రచికిత్సతో పలువురు కోలుకొందురు. వెన్ను క్షయయు అర్బుదమువలెనే కనబడును. దానికి మందులున్నవి. కావున ముక్క తీసి పరీక్షించుట తప్పనిసరి.

నాడి నొక్కబడినపుడు వాపు తగ్గించు స్టెరాయిడ్లు, శస్త్రచికిత్స, రేడియేషను ఉపకరించును. నడువగలిగినపుడే చికిత్స పొందినవారు తరచుగా నడక నిలుపుకొందురు. కాళ్లు పూర్తిగా పడిపోయి ఒకటి రెండు దినములు దాటినచో అవి తిరిగి వచ్చుట దుర్లభము. నిజామాబాదు ప్రభుత్వ ఆస్పత్రిలో చూపి, వారు పంపినచో హైదరాబాదులోని నిమ్స్‌కు గాని ఎం.ఎన్.జె. ఆస్పత్రికి గాని జాగు లేక పోవలెను.

ఈ లక్షణములున్నవారికి గట్టి మర్దనము, పిల్లలచే వీపు తొక్కించుట, కటివస్తి నిషిద్ధములు. భస్మములతో గడ్డ కరగునను మాట నేను ఒప్పుకొనను. మన వైద్యమునకు చోటు తరువాత ఉన్నది: తేలికైన జావ, మలబద్ధము లేకుండ చూచుట, మంచము పట్టినవారిని రెండు గంటలకొకసారి పక్క మార్చుట. వాడుచున్న లేహ్యములు, మాత్రలు అన్నియు శస్త్రవైద్యునకు ముందుగా చెప్పవలెను.