ప్రయోగశాలలో కొలపాత్రలు

డిగ్రీలో చేరిన కొత్తలో రసాయనశాస్త్ర ప్రయోగశాలలోకి అడుగు పెట్టినప్పుడు నాకు ఆ గాజుసామానంతా ఒక్కలాగే కనిపించింది. బీకరు మీద గీతలున్నాయి, కొలజాడీ మీద గీతలున్నాయి, బ్యూరెట్ మీదా గీతలే. కొలవడానికి ఏదయితేనేం అనుకున్నాను. మాది వ్యవసాయ కుటుంబం. గింజలు కొలవడానికి మా ఇంట్లో కుంచం, తవ్వ, సోల ఉండేవి. పురుగుమందుకు మాత్రం సీసా మూతే కొలత. ఆ మూత అలవాటుతోనే నేను సైన్సు చదవడానికి వచ్చాను.

నిజానికి బీకరు మీది గీతలు సుమారు లెక్కకే. నూరు మిల్లీలీటర్ల గీత దగ్గర అయిదు మి.లీ. అటూ ఇటూ ఉండవచ్చు. బీకరు పని ద్రవాన్ని ఉంచడం, కలపడం, వేడిచేయడం. కొలజాడీ అంతకంటే నయం. నూరు మి.లీ. జాడీలో తేడా ఒక మి.లీ.కి మించదు. ఇక కచ్చితంగా కావలసిన చోట పిపెట్, బ్యూరెట్ తప్ప మరో దారి లేదు.

పిపెట్ దగ్గర నేను చేసిన తప్పు చెప్పాలి. మా ఇంట్లో నూనె కొలిస్తే సోలను బోర్లించి చివరి చుక్క దాకా వంచడం మర్యాద. లేకపోతే తీసుకునేవాళ్ళకు అన్యాయం చేసినట్టే. అదే ధర్మమనుకుని పిపెట్ కొసలో మిగిలిన చుక్కను కూడా ఊది ఫ్లాస్కులో పడేసేవాణ్ణి. ల్యాబ్ అటెండరు గారు చూసి, "ఏం బాబూ, ఆ చుక్క నీది కాదు, పిపెట్‌ది" అన్నారు. నవ్వులాట అనుకున్నాను గాని, అందులో ఉన్నది సిద్ధాంతమే. పిపెట్ మీద 10 మి.లీ. అని రాసి ఉంటే అది బయటికి వదిలే ద్రవం లెక్క, లోపల పట్టే ద్రవం లెక్క కాదు. కొసలో మిగిలేదాన్ని ముందే లెక్కలోంచి తీసేసి గీత పెట్టారు. కొసను ఫ్లాస్కు గోడకు ఆనించి వదిలేస్తే చాలు. నోటితో పీల్చడం మాత్రం ఎవరూ చేయకండి. పొటాషియం డైక్రోమేట్ విషం. రబ్బరు బల్బు ఉన్నది అందుకే.

బ్యూరెట్ అన్నిటికన్నా గడుసుది. 50 మి.లీ. బ్యూరెట్‌లో ఒక్కొక్క చిన్న గీత 0.1 మి.లీ. రెండు గీతల నడుమ కంటితో అంచనా వేస్తే 0.05 దాకా చదవవచ్చు. ముందు దాన్ని నీళ్ళతో కడిగి, తరువాత పోయబోయే ద్రావణంతోనే ఒకసారి తొలిచి పారబోయాలి. లేకపోతే లోపల అంటుకున్న నీళ్ళు ద్రావణాన్ని పలచన చేస్తాయి. కోనికల్ ఫ్లాస్కుకు ఇది వర్తించదు. దాన్ని నీళ్ళతోనే కడగాలి. పిపెట్‌తో వేసిన పదార్థం ఎంతో అంతే ఉంటుంది, నీళ్ళు చేరినంత మాత్రాన అది పెరగదు, తరగదు. మొదటి ఏడాది వైవాలో సగం మంది ఇక్కడే తడబడతారు.

ద్రావణం పోశాక గరాటు తీసెయ్యాలి. దాని చివర వేలాడే చుక్క ప్రయోగం మధ్యలో పడితే లెక్క తప్పుతుంది. ద్రవం పై అంచు నెలవంకలా వంగి ఉంటుంది గనుక కన్ను సరిగ్గా ఆ మట్టానికి తెచ్చి అడుగుభాగం చదవాలి. కుంచాన్ని తలగొట్టి కొలవడానికీ, రాశిగా పోసి కొలవడానికీ ఎంత తేడానో మన పల్లెటూరి వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. అన్నిటికంటే ముఖ్యం, తిప్పుడు బిరడా కింది ముక్కులో గాలిబుడగ ఉండకూడదు. ఉంటే, ప్రయోగం మధ్యలో అది జారిపోయి ఆ ఖాళీని ద్రావణం నింపుతుంది. ఫ్లాస్కులో పడని ద్రావణం కూడా పడినట్టు లెక్కకొస్తుంది.

కోనికల్ ఫ్లాస్కు 1860లో ఎర్లెన్‌మేయర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ప్రపంచానికి తెలియజేసినది. అడుగు వెడల్పు, మెడ ఇరుకు గనుక గిరగిరా తిప్పినా చుక్క బయటికి చిందదు. దాని గొప్పతనమంతా అదే.

ఇప్పుడు అసలు సంగతి. రెండో సంవత్సరం నాకు ఒకసారి రీడింగులు కలవలేదు. 18.9 ఒకటి, 18.4 ఒకటి. గంట కొట్టేస్తున్నారు. పక్క టేబులు మిత్రుడు, "ఒరేయ్, 18.4 రెండుసార్లు రాసెయ్, ఎవరు చూడొచ్చారు" అన్నాడు. రాసేశాను. రికార్డు మీద సంతకం కూడా పడింది.

ఆ సెలవుల్లో ఇంటికి వెళితే నాన్న తన భూసార పరీక్ష కార్డు నా ముందు పెట్టాడు. 2015లో మొదలైన పథకం కింద రైతులకిచ్చే కార్డు అది. పన్నెండు అంశాలుంటాయి. సేంద్రియ కర్బనం దగ్గర 0.45, 'తక్కువ' అని ఉంది. "నత్రజని ఎక్కువ వెయ్యమంటున్నారు. ఈ తక్కువ అనేది ఎట్లా తెలుస్తుందిరా?" అని అడిగాడు. మాకింకా చెప్పలేదు అనేసి, కాలేజీకి వచ్చాక లైబ్రరీలో వెతికాను.

అనేక భూసార పరీక్షాకేంద్రాల్లో ఆ అంకె తీసేది 1934 నాటి వాక్లీ-బ్లాక్ పద్ధతిలో. ఒక గ్రాము మట్టిని తూచి కోనికల్ ఫ్లాస్కులో వేస్తారు. పది మి.లీ. డైక్రోమేట్ పిపెట్‌తో, ఎందుకంటే అది కచ్చితంగా ఉండాలి. ఇరవై మి.లీ. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కొలజాడీతో. తరువాత రెండువందల మి.లీ. నీళ్ళు, వాటికి బీకరు గీత చాలు. మట్టిలోని కర్బనం కొంత డైక్రోమేట్‌ను వాడేసుకుంటుంది. మిగిలినదాన్ని బ్యూరెట్‌లోని ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్‌తో తేలుస్తారు. డైఫినైలమీన్ సూచికతో ఊదా, నీలం రంగులు పోయి ఆకుపచ్చ రాగానే ఆపాలి. మనం ఇనుమును అంచనా కట్టే ప్రయోగాన్ని తిరగేస్తే ఇదే! పరికరాల్లో నేను ముట్టుకోనిది ఒక్కటీ లేదు.

కాగితం మీద లెక్క వేసి చూశాను. మట్టి లేకుండా చేసినప్పుడు 20.0 మి.లీ. పట్టిందనుకుందాం. మట్టితో 17.2 పడితే కర్బనం సుమారు 0.55 శాతం, అంటే మధ్యస్థం. 17.7 అని చదివితే 0.45, అంటే తక్కువ. హద్దు 0.5 దగ్గరుంది. కాస్త బుడగ, చివర్లో రెండు మూడు చుక్కల తొందర, అంతే, అర మి.లీ. అవుతుంది. మధ్యస్థమైన పొలానికి తక్కువ అని పేరు పడి, అక్కరలేని యూరియా కొనాలి. నాన్న కార్డులో అంకె తప్పని నేననడం లేదు. దాన్ని తీసినవారు నాలాగా గంట కొడుతుంటే తీశారో, నిదానంగా తీశారో నాకెట్లా తెలుస్తుంది? నేను రెండుసార్లు రాసిన 18.4కూ, కలవని 18.9కీ తేడా కూడా సరిగ్గా అర మి.లీ.యే.

ఈసారి ప్రాక్టికల్స్‌లో మళ్ళీ మొదటి రీడింగు వేరుగా వచ్చింది. కొట్టెయ్యకుండా పక్కన 'ముక్కులో బుడగ' అని పెన్సిలుతో రాశాను. మాస్టారు అదేమిటని అడిగితే చెప్పాను. "అయితే బుడగ తీసేసి ఇంకో రెండు చెయ్యి" అన్నారు. ఆ పూట హాస్టల్లో అన్నం దొరకలేదు గాని 18.3, 18.3 వచ్చాయి. నాన్నకు మాత్రం ఇంకా జవాబు చెప్పలేదు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు చెప్పాలి.